దూప

మా ఇంట్లో రేణుక ఎవరినీ నీళ్లు అడగదు. అన్నం తింటుంటే గొంతుకు అడ్డం పడినా సరే, పక్కనే చెంబు పెట్టుకుని నేను కూర్చున్నా సరే, తనే లేచి కుండ దగ్గరికి పోయి ముంచుకుని తాగి వస్తుంది. నిరుడు టైఫాయిడ్ వచ్చి మంచంలో పడి ఉన్నప్పుడు కూడా గోడ పట్టుకుని లేచింది. నేను గిన్నెలు తోముతున్నదాన్ని చేతులు కడుక్కోకుండానే ఉరికి పట్టుకున్నాను. పిలవొచ్చు కదా బిడ్డా అంటే, "నీకెందుకు తిప్పల చిన్నమ్మా" అంది. తొమ్మిదో తరగతి పిల్ల అనే మాట కాదది. ఎవరి ఇంట్లోనో ఎక్కువ రోజులు ఉండిపోయిన చుట్టం అనే మాట.

రేణుక నా కడుపున పుట్టలేదు. మా ఆయన నగేష్‌కు అన్న అయిన ఎల్లేశ్ బావ కూతురు. తరిగొప్పుల దగ్గరి ఈ ఊరికి నేను కోడలిగా వచ్చేనాటికే ఆ పిల్ల తల్లి, మా యారాలు యమున, చనిపోయి ఉంది. పెళ్లిచూపుల్లో నా ఎమ్మెస్సీ గురించి ఎవరూ ఏమీ అడగలేదు. మా అత్తమ్మ యాకమ్మ ఒక్కటే అడిగింది. "తల్లి లేని పోరి ఉన్నది ఇంట్ల. సూసుకుంటవా?" చూసుకుంటానన్నాను. ఆ మాట అన్నందుకు నేనెప్పుడూ బాధపడలేదు. ఈ ఇంట్లో నాకు దొరికిన మంచి ఏదైనా ఉంటే అది రేణుకే.

యమునక్క ఎట్లా పోయిందో పెళ్లయిన వారంలోనే మా మామ వెంకన్న చెప్పాడు. ఇంటి వెనక పెరట్లో చేదబావి ఉంది. ఎండాకాలం ఒక మధ్యాహ్నం, అప్పటికి నాలుగేళ్ల పిల్ల, దూప దూప అని ఏడ్చిందట. కుండలో నీళ్లు లేవట. తల్లి బొక్కెన తీసుకుని బావి దగ్గరికి పోయి, ఒరమీద కాలు జారి పడిపోయిందట. తర్వాత బావి మీద బండలు పరిపించారు. ఆ కథ నేను మామ నోట విన్నాను, బావ నోట విన్నాను, పెళ్లిళ్లకూ పండుగలకూ వచ్చే చుట్టాలందరి నోటా విన్నాను. వచ్చిన ప్రతి ఆడమనిషీ రేణుకను దగ్గరికి తీసుకుని తల నిమిరి అదే మాట అనేది, నీకు నీళ్లు తేబోయే మీ అమ్మ పాయె బిడ్డా అని. ప్రేమగానే అనేవాళ్లు. కొంగుతో కళ్లు కూడా తుడుచుకునేవాళ్లు. ఆ పిల్ల తల దించుకుని, వాళ్లు వదిలేదాకా కదలకుండా నిలబడేది.

మూడో తరగతిలో ఉన్నప్పుడు ఒక పొద్దున జడ వేస్తుంటే అద్దంలో నన్ను చూడకుండా అంది. "చిన్నమ్మా, ఆరోజు నేను జర సేపు ఆగితే అమ్మ బతుకుతుండె గదా." నువ్వు చిన్నదానివి, నీకేం తెలుసు అన్నాను. సరే అన్నట్టు తలూపింది. బళ్లో పంతులు చెప్పిన లెక్క అర్థం కాకపోయినా తలూపినట్టు.

నా పని బావుల్లోకి తొంగి చూడటం. నేను చెప్తున్నది కాదు, నగేష్ తన స్నేహితులకు నన్ను అట్లాగే పరిచయం చేస్తాడు. "మా ఆమె బాయిలల్ల తొంగి సూసుడు నౌకరి చేస్తది" అంటాడు, వాళ్లు నవ్వుతారు, నేను చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి పోతాను. భూగర్భజలాల మీద పరిశోధన చేసే సంస్థలో కాంట్రాక్టు ఉద్యోగం నాది. జనగామ నుంచి మహబూబాబాద్ మీదుగా భూపాలపల్లి దాకా ఎంచుకున్న బావుల్లో వానలకు ముందూ తర్వాతా నీటిమట్టం కొలుస్తాం. సీసాల్లో నీళ్లు పట్టి పరీక్షకు పంపుతాం. ఇక్కడి నేల కింద గట్టిరాయి. రాతి పగుళ్లలో ఎంత పడితే అంతే నీరు. గోదావరి నుంచి ఎత్తిపోసిన నీళ్లు కాల్వలెక్కి చెరువుల్లోకి వస్తున్నప్పటి నుంచి, ఏళ్ల తరబడి ఎండిపోయి ఉన్న బావుల్లో మళ్లీ ఊట మొదలైంది. ఆ వచ్చింది వాననీరా, నదినీరా, ఎంత దూరం పాకింది అన్నది మేం తేల్చాలి. నీటిలో దాని పుట్టుక తాలూకు గుర్తు ఉంటుంది. పరీక్ష చేస్తే ఏ నీరు ఎక్కడిదో చెప్పొచ్చు.

పొద్దున లేచి ఇల్లూ వాకిలీ ఊడ్చి, ఇంటిల్లిపాదికీ వండి, డబ్బాలు కట్టి, రేణుకను బడికి పంపి, అప్పుడు నా స్కూటీ తీస్తాను. సాయంత్రం వచ్చి మళ్లీ పొయ్యి దగ్గరికే పోతాను. నగేష్ జనగామలో బడిపంతులు. ఇంటికి రాగానే అలసిపోయాను అంటాడు. ఎండలో బావి బావికీ తిరిగి వచ్చిన నేను అలసిపోయానంటే, నిన్నెవరు తిరగమన్నరు అంటాడు. మాకింకా పిల్లలు లేరు. దానికీ నా తిరుగుడే కారణమని మా ఆడబిడ్డ వరస ఒకామె నా ముందే అంది. ఆఫీసులో ఇంకో రకం. మా పెద్దసారు మంచివాడే కానీ, నేను మీటింగులో నోరు తెరిస్తే నా మాటతీరు విని నవ్వు ఆపుకుంటాడు. మూడు జిల్లాల బావులూ తిరిగి నేను రాసుకొచ్చినది తెర ముందు నిలబడి సురేష్ చెప్తాడు. సురేష్‌ది 'నీట్' తెలుగు అని సారు అంటాడు.

అయినా ఈ పని వదలబుద్ధి కాలేదు. వదలలేకపోవడానికి ఇంకో కారణం ఉంది. అది నేనెవరికీ చెప్పలేదు. బావి దగ్గర టేపు దించుతుంటే ఎవరో ఒక ఆడమనిషి వచ్చి నిలబడుతుంది. ఏం చూస్తున్నవ్ బిడ్డా అంటుంది. నీళ్లు ఎంత లోతులో ఉన్నయో చూస్తున్ననవ్వా అంటాను. ఒర మీద చేయి పెట్టి, ఆ బావిలో ఎవరు పోయారో చెప్తుంది. నేను అడగను. వాళ్లే చెప్తారు. ఒక ఊళ్లో కొత్త పెళ్లికూతురు. ఇంకో ఊళ్లో ఇద్దరు పిల్లల తల్లి. మరో చోట మొగుడి తమ్ముడికి భయపడ్డ పిల్ల. అందరి గురించీ ఒకే మాట చెప్తారు, కాలు జారిందని. అన్ని కాళ్లు అన్ని ఒరల మీద ఎట్లా జారాయో నాకు అర్థమయ్యేది కాదు. మొదట్లో ఇంటికి వచ్చాక మర్చిపోవడానికి ప్రయత్నించాను. తర్వాత వాళ్లు నాతోనే రావడం మొదలుపెట్టారు. టేపు చీకట్లోకి దిగుతుంటే వాళ్ల పేర్లు నా నోట్లో తిరిగేవి. అడుగున నీళ్లు మెరిసినప్పుడు నా ముఖమే కనిపించేది, కానీ అది నాదేనని నమ్మకం కలగడానికి కాస్త సమయం పట్టేది.

ఈ ఎండాకాలం జఫర్‌గఢ్ దగ్గర ఒక బావి కొలుస్తుంటే గట్టమ్మ అనే ముసలమ్మ వచ్చి ఒర మీద కూర్చుంది. నీళ్లు పైకే ఉన్నాయి. చేత్తో అందుకునేంత కాకపోయినా, కళ్లతో తాగేంత. ఆమె ఎవరి చావు కథా చెప్పలేదు. నీళ్లను చూసి మురిసిపోయింది. "గీ బాయిని గిట్ల సూస్తననుకోలే. గా పెద్ద కరువుల దీంట్ల నిచ్చెన ఏసుకొని దిగి పోరగాండ్లు గోలీలాడిండ్రు" అంది. ఏ కరువు అవ్వా అన్నాను. టాంకర్లు తిరిగిన ఏడు అంది.

ఆ ఏడు నాకు బాగా తెలుసు. నేను ఎమ్మెస్సీ చివరి ఏడు చదువుతున్నాను. పరిశోధన పత్రం కోసం తరిగొప్పుల మండలం తీసుకుని ఊరూరూ నడిచి తిరిగాను. అప్పుడు నా దగ్గర ఇప్పటిలాంటి టేపు లేదు, నీటిని తాకగానే కూసే పరికరం లేదు. తాడుకు ఇనుప గుండు కట్టి దించేదాన్ని. ఒక్క బావిలో కూడా గుండు నీటిని తాకలేదు. అడుగు బండ మీద పడి టణ్‌మనేది. ఆ చప్పుడు విని విని, రాత్రి హాస్టల్లో పడుకున్నా చెవుల్లో అదే మోగేది. ఇప్పుడు నా అత్తగారి ఊరైన ఈ ఊరికి కూడా ఆ ఎండల్లోనే వచ్చాను. వీధి బావులన్నీ చూసుకుని పోయాను. ఎవరో ఒకామె గడపలోంచి నాకు గ్లాసెడు నీళ్లిచ్చింది. ముఖం గుర్తు లేదు.

గట్టమ్మ ఇంకా ఏదో చెప్తూనే ఉంది. నేను వినడం లేదు. యమునక్క పోయింది ఆ ఎండాకాలంలోనే. ఏటా వైశాఖంలో ఆమె పేర వండి పెడతాం, బియ్యం నేనే కడుగుతాను. అది కరువు ఏడు అని తెలుసు. బావులన్నీ ఎండిపోయాయని నా కాళ్లకూ చెవులకూ తెలుసు. ఈ రెండు సంగతులూ ఇన్నేళ్లు నాలోనే ఉన్నాయి, ఒకదాని ముఖం ఒకటి చూసుకోకుండా. అత్తగారింట్లో చెప్పిన మాటను కోడలు వింటుంది. దాన్ని కొలిచి చూడాలని ఆమెకు తోచదు. నీళ్లు లేని బావి దగ్గరికి బొక్కెన పట్టుకుని ఎవరు పోతారు?

ఆ రోజు ఇంకో రెండు బావులు చూడాల్సి ఉన్నా చూడలేదు. బండి మీద ఇంటికి వస్తుంటే వెనక సీటు మీద ఎవరో కూర్చున్నట్టే ఉంది. వెనక్కి తిరిగి చూడలేదు.

మా ప్రాజెక్టుకు మా ఊళ్లోనూ ఒక బావి కావాలని సారు ముందునుంచీ అంటున్నాడు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర, పెరట్లో బావి ఒక్కసారి తెరిచి కొలుచుకుంటానని అడిగాను. ఎల్లేశ్ బావ ఎప్పుడూ గొంతు పెంచడు. ఊళ్లో ఎరువుల దుకాణం ఉంది, అందరితో మంచిగా మాట్లాడతాడని పేరు. పళ్లెంలోంచి తలెత్తకుండానే అన్నాడు. "గా బాయి జోలికి పోకమ్మ." అంతే. నగేష్ మాత్రం గదిలోకి వచ్చాక, నీ కొలతలు ఊరవతల పెట్టుకో, ఇంట్లకు తేకు అన్నాడు. భోజనాల దగ్గర బావ ఆ మాట అనగానే అత్తమ్మ, ఎవరూ అడగకుండానే నా పళ్లెంలో ఇంకో ముద్ద వేసింది.

మర్నాడు మగవాళ్లు పనులకు పోయాక, రేణుక బడికి పోయాక, పెరట్లోకి పోయాను. బండల మధ్య, గిలక స్తంభం దగ్గర, పిడికిలి పట్టేంత సందు ఉంది. అందులోంచి టేపు వదిలాను. ఎంతో దిగకముందే పరికరం కూసింది. చెరువు నిండినప్పటి నుంచి ఊరుతున్న నీరు. ఆ నీరు ఎక్కడెక్కడో కొండల్లో పుట్టి, నదిలో నడిచి, కాల్వలో ఎక్కి, పగుళ్ల వెంట పాకి ఇక్కడికి వచ్చింది. ఆనాటి సంగతి ఆ నీటికి తెలియదు. తెలిసిన గోడలను అది ముంచేసి ఉంది.

కూత విని అత్తమ్మ వచ్చింది. చేటలో బియ్యం అట్లాగే పట్టుకుని ఉంది. "నీళ్లున్నయా?" అని అడిగింది. ఉన్నాయి అత్తమ్మా, పైకే ఉన్నాయి అన్నాను. ఆమె చేట కింద పెట్టి బండ మీద కూర్చుంది. నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"యమునక్క పోయిననాడు ఉండెనా?"

ఆమె నా ముఖం చూసింది. "ఎవరు చెప్పిండ్రు నీకు?"

"ఎవరు చెప్పలే. ఆ ఎండకాలం నేను ఈ మండలమంత తిరిగి బాయిలు సూసిన అత్తమ్మా. ఒక్కదాంట్ల గూడ సుక్క లేకుండె."

ఆమె చేట దగ్గరికి లాక్కుంది. బియ్యంలోంచి ఒక రాయి ఏరి పారేసింది. మళ్లీ ఒకటి ఏరింది. తర్వాత, నాతో కాదు, ఆ చేటతో చెప్పినట్టు చెప్పుకుంటూ పోయింది.

టాంకరు వచ్చిన రోజది. డ్రమ్ములు నింపుకున్నారు. యమునక్కకు ముట్టు తీరిన రోజు. చాలా రోజులుగా తలకు పోసుకోలేదు, తల అట్టలు కట్టి ఉంది. ఎవరికీ చెప్పకుండా రెండు బిందెల నీళ్లు తలకు పోసుకుంది. మధ్యాహ్నం బావ నలుగురు మనుషులను వెంటేసుకుని భోజనానికి వచ్చాడు. స్నానం చేసే జాలారులో తడీ, ఆమె వెంట్రుకల తడీ చూశాడు. ఊరంతా తాగ నీళ్లు లేక చస్తుంటే మా దొరసానికి తలస్నానం కావల్సొచ్చింది అన్నాడు వాళ్లతో, నవ్వుతూ. తర్వాత నవ్వు ఆపి, ఆ తడి వెంట్రుకలు చేతికి చుట్టుకుని వాకిలి దాకా ఈడ్చి, ఆ నలుగురి ముందు కొట్టాడు. మా మామ అక్కడే మంచం మీద కూర్చుని ఉన్నాడు. వచ్చినవాళ్లు గోడలు చూశారు. యమునక్క లేచి చీర సర్దుకుంది. అందరికీ పళ్లేలు పెట్టి అన్నం వడ్డించింది. మజ్జిగ పోసింది. నిద్రపోతున్న పిల్లను ఒకసారి చూసి వచ్చింది. పెరటి తలుపు తీసుకుని పోయింది.

"సప్పుడయింది," అంది అత్తమ్మ. "నీళ్ల సప్పుడు గాదు."

యమునక్క ఆ వెంటనే పోలేదట. పైనుంచి చూస్తే కదులుతూ కనిపించిందట. అత్తమ్మ తాడు కోసం, మనుషుల కోసం అరవబోతే మామ నోరు మూశాడు. దవాఖానకు తోలుకపోతే పోలీసు కేసయితది, పెద్దోడు జైలుకు పోతడు, జర ఆగుండ్రి అన్నాడు. పెరటి తలుపు గొళ్లెం పెట్టి, దానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వచ్చిన నలుగురూ చేతులు కడుక్కుని పోయారు. పొద్దు గూకాక తలుపు తీసి, అప్పుడే చూసినట్టు ఊరిని పిలిచారు.

ఊరోళ్లు వచ్చి చూసిండ్రు కదా అత్తమ్మా, ఎండిన బావి అని అడిగాను. ఊరంతకూ ఎరుకనే అంది. యమునక్క పుట్టిల్లు కొత్తగూడ వైపు అడవి పల్లె. తండ్రి లేడు, తల్లి ఒక్కతే వచ్చింది. పెద్దమనుషులు కూర్చుని మాట్లాడి పంపించారు. రేణుకకు ఎవరైనా ఏదైనా చెప్తారని మామ ముందే ఆ కథ కట్టాడు. పిల్లే కారణమని చెప్తే ఆ పిల్ల ఇక ఎవరినీ ఏమీ అడగదు అనుకున్నాడో ఏమో. "చెప్పంగ చెప్పంగ మాకు గూడ గదే నిజమనిపిచ్చింది" అంది అత్తమ్మ.

అంటే రేణుక తల నిమిరిన ప్రతి చేతికీ తెలుసు. కొంగుతో కళ్లు తుడుచుకున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. తెలియనిది మా ఇద్దరికే, ఆ పిల్లకూ నాకూ.

ఒక్కటి అడగకుండా ఉండలేకపోయాను. "పొద్దు గూకేదాక బాయిలకెళ్లి ఏమన్న అన్నదా అత్తమ్మా, యమునక్క?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి లోపలికి పోయింది. చేట అక్కడే వదిలేసింది. ఆ బియ్యం నేను ఏరాను. వండాలి కదా.

ఆ తర్వాత కొన్ని రోజులు ఇల్లు ఇల్లులా లేదు. జాలారులో నీళ్లు పోస్తే ఎవరో తల విదిలించినట్టు అనిపించేది. నేను తలకు పోసుకోవడానికి భయపడ్డాను. పెరటి తలుపు గొళ్లెం తగిలినప్పుడల్లా చేయి వెనక్కి తీసుకునేదాన్ని. ఇన్నేళ్లుగా ఆ గొళ్లెం తీసి పెట్టింది నేనే. ఆ కుర్చీ కూడా ఇంకా ఉంది, మామ పోయాక బావ అందులో కూర్చుని పేపరు చదువుతాడు. అన్నం వడ్డిస్తూ నేను అతని చేతుల వంక చూసేదాన్ని. అతనేమో ఎప్పటిలాగే నెమ్మదిగా, చారు మంచిగున్నదమ్మా అనేవాడు.

నగేష్‌ను అడిగాను. యమునక్క పోయిననాడు అతను హైదరాబాదులో చదువుకుంటున్నాడు, మర్నాడు వచ్చాడు. అంతా తెలుసు. నాతో పడుకుని లేచిన ఇన్నేళ్లూ తెలుసు. కాసేపు తల పట్టుకుని కూర్చున్నాడు, ఆ తర్వాత కోపం తెచ్చుకున్నాడు. "మరి పిల్లకు ఏం చెప్పాలె? మీ నాయిన కొడితే దుంకింది, మీ తాత తలుపేసుకుని కూసున్నడు అని చెప్పాలెనా? గీ కథనే నయం. గది మంచిగనే పెరుగుతున్నది గదా" అన్నాడు.

మంచిగా పెరగడం అంటే అతని దృష్టిలో ఏమిటో ఆలోచించాను. ఏమీ అడగదు. పేచీ పెట్టదు. పండక్కి బట్టలు ఏవి తెచ్చినా బాగున్నాయంటుంది. జ్వరమొస్తే దాచుకుంటుంది. తన నోరు తెరిస్తే ఎవరో ఒకరు చనిపోతారని నమ్మే పిల్ల మంచిపిల్లగానే కనిపిస్తుంది అందరికీ. ఆడపిల్లను అట్లా తయారు చేయడానికి మామూలుగా చాలా ఏళ్లు పడుతుంది. వీళ్లు ఒక్క అబద్ధంతో చేసేశారు. నన్ను కూడా అట్లాగే కదా చేస్తున్నారు, కాకపోతే నెమ్మదిగా. అలసిపోయానని అనకూడదు. నా పని గురించి నేనే చెప్పుకోకూడదు. ఇంట్లో బావి కొలవకూడదు.

చెప్తానన్నాను నగేష్‌తో. చెప్తే ఈ ఇంట్ల ఉండలేవు అన్నాడు. బెదిరింపుగా కాదు, నిజంగానే దిగులుగా అన్నాడు. తెలుసన్నాను.

తర్వాత ఏమయిందో కూడా చెప్పేస్తాను. ఇప్పుడు నేనూ రేణుకా జనగామలో ఒక గది తీసుకుని ఉంటున్నాం. అక్కడి బళ్లోనే పదో తరగతిలో చేరింది. నగేష్ శనివారాలు వస్తాడు, కాసేపు కూర్చుని పోతాడు. వచ్చి ఉంటానని ఇంకా అనలేదు, నేనూ అడగలేదు. ఎల్లేశ్ బావ పెద్దమనుషులతో కబురు పంపాడు, ఇల్లు కూల్చావని. నలుగురిలో కూర్చోబెట్టి అడిగితే నలుగురిలోనే చెప్తానన్నాను. ఇప్పటిదాకా ఎవరూ కూర్చోబెట్టలేదు. పోలీసుల దగ్గరికి పోవాలా వద్దా అన్నది రేణుక ఇష్టం, దానికి ఆలోచించుకునే హక్కు ఉంది అని మాత్రం చెప్పాను. కొత్తగూడ పోయి దాని అమ్మమ్మను చూసి వచ్చాం. ముసలామె దాన్ని వదలకుండా పట్టుకుని కూర్చుంది. మొన్నటి మీటింగులో తెర ముందు సురేష్ బదులు నేనే నిలబడ్డాను. మా సారు నవ్వు ఆపుకున్నాడో లేదో చూడలేదు. మా పెరటి బావి గురించి చెప్తూ, ఆ కరువు ఏట ఊళ్లోని బావులన్నిటితో పాటు ఇదీ అడుగు దాకా ఎండిపోయి ఉంది అన్నాను. సురేష్ మట్టాల కాగితంలోంచి తలెత్తి, ఆ ఏటి కొలత ఎక్కడిది అన్నాడు. నాది అన్నాను.

ఆడవాళ్లు బావుల దగ్గర ఇంకా వచ్చి నిలబడుతూనే ఉన్నారు. ఇప్పుడు నేను వాళ్లను అడుగుతున్నాను, కాలు ఎందుకు జారింది అవ్వా అని. కొందరు వెళ్లిపోతారు. కొందరు చెప్తారు. రాత్రుళ్లు ఆ బావుల్లో పోయినవాళ్లందరూ నాతోనే ఉంటారు, యమునక్క ముందు కూర్చుంటుంది, తల ఇంకా తడిగానే ఉంటుంది. భయం మాత్రం పోయింది.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆ ఆదివారం గురించి.

బావ దుకాణానికి పోయాడు. నగేష్ కావాలనే ఎటో పోయాడు. రేణుక పెరటి మెట్టు మీద కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతోంది. నేను పక్కన కూర్చుని నాలుగు కాయలు గిల్లాను. ఎట్లా మొదలుపెట్టాలో ఎన్నో రకాలుగా అనుకుని ఉన్నాను, ఏదీ గుర్తు రాలేదు. అందుకని నాకు తెలిసింది తెలిసినట్టే చెప్పాను.

"రేణుకా, మీ అమ్మ పోయిన ఎండకాలం ఆ బాయిల నీళ్లు లేకుండె బిడ్డా. ఊర్ల ఏ బాయిల గూడ లేకుండె. మీ అమ్మ నీళ్లు చేదనీకి పోలేదు."

దాని చేతుల్లో కాయ ఆగిపోయింది. బావి వంక చూసింది, నా వంక చూసింది. నేను ఆగకుండా మిగతాది కూడా చెప్పాను. తలస్నానం సంగతి, వాళ్ల నాయిన సంగతి, తలుపు సంగతి. మెత్తగా చెప్పడానికి ప్రయత్నించాను కానీ అందులో మెత్తగా చెప్పగలిగేది ఏమీ లేదు. అది ఏడవలేదు. కోపం కూడా రాలేదు ముఖంలోకి. ఏదో లెక్కను మొదటినుంచి మళ్లీ చేస్తున్నదానిలా కనుబొమలు ముడిచి చాలాసేపు కూర్చుంది. తర్వాత అడిగింది, ఎంత చిన్న గొంతుతో అంటే నేను వంగి వినాల్సి వచ్చింది.

"అయితే నేను ఏడ్వలేదా చిన్నమ్మా? దూప అని?"

నేను ఆరోజు అక్కడ లేను. అక్కడ ఉన్న మనిషి మా వెనక గడపలో నిలబడి ఉంది, ఎప్పుడొచ్చిందో తెలియదు. నేను అత్తమ్మ వంక చూశాను. రేణుక కూడా తిరిగి చూసింది. లోపలికి పోతుందేమో అనుకున్నాను. పోలేదు. తలుపు రెక్క పట్టుకుని మెల్లగా మెట్టు మీద కూలబడి, పిల్ల మోకాలి మీద చేయి వేసింది.

"లేదు బిడ్డా. నువ్వు పండుకున్నవ్. సప్పుడుకు గూడ లేవలే." ఆమె బావి మీది బండల వంక చూసింది. "దూపయితున్నదని పొద్దుగూకేదాక అరిసింది మీ అమ్మ."